మొక్కల పటం గీసేవారు మన బీడును ఏమని రాస్తున్నారు?

మార్చి నెలలో బాన్సువాడ దగ్గర ఏదైనా గుట్ట ఎక్కి నిలబడితే రెండు రంగులు కనబడతాయి. నిజాంసాగర్ కాలువ పారే వైపు యాసంగి వరి పచ్చగా ఉంటుంది. గాంధారి, ఎల్లారెడ్డి వైపు అడవి ఎండుగడ్డి రంగులో ఉంటుంది. టేకు ఆకు రాల్చి మోడై నిలబడుతుంది, మోదుగు మాత్రం ఆకు లేకుండానే ఎర్రగా పూస్తుంది. ఈ ప్రాంతం తెలియని వారెవరైనా దీన్ని ఆకాశం నుంచి చూస్తే, వరి ఉన్నచోట ప్రాణం ఉందని, అడవి చచ్చిపోయిందని అనుకుంటారు. అదే మనిషి సెప్టెంబరులో చూస్తే అడవి, మక్కచేను, బంచరాయిలో గడ్డి, గట్టు మీద వయ్యారిభామ అన్నీ ఒకే పచ్చదనం. ఏ నెలలో చూసినదాన్ని నమ్మాలి? ఏది అడవి, ఏది పంట, ఏది బీడు అని ఎవరు తేల్చాలి?

తేల్చడానికి ఒక చదువు, ఒక ఉద్యోగం ఉన్నాయి. మొక్కల శాస్త్రం చదివి, ఏ నేల మీద ఏ మొక్కల గుంపు ఉన్నదో పటం గీసి, ఆ తరువాత ఏటేటా అది పెరుగుతోందా తరుగుతోందా అని కనిపెట్టి చూసే పని అది. మందు చల్లే సమయం, ఎరువు మోతాదు చెప్పే ఈ పేజీలో దీని గురించి ఎందుకు అని కొందరు రైతులు అనుకోవచ్చు. మీ ఊరి మేత భూమిని పటంలో ‘పనికిరాని బంజరు’ అని రాశారా, ‘గడ్డి నేల’ అని రాశారా అన్నదాన్ని బట్టి రేపు అక్కడ నీలగిరి మొక్కలు నాటుతారా, మీ గొర్రెలు మేస్తాయా అన్నది మారిపోవచ్చు. అందుకని ఈ వారం పాఠం ఇది.

పుస్తకం నుంచి పటం దాకా

ముందుగా మొక్కకు పేరు తెలియాలి. కోస్తా, రాయలసీమ జిల్లాలు పాత మద్రాసు రాష్ట్రంలో ఉండేవి కాబట్టి 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వెలువడిన గాంబుల్ గారి గ్రంథంలో అక్కడి మొక్కల వివరాలు చేరాయి. నిజాం రాజ్యం ఆ హద్దుకు బయట ఉండడం వల్ల మన గుట్టల మీది చెట్లకు ఆ పుస్తకంలో చోటు దొరకలేదు. ఆ లోటు తీరడానికి చాలా కాలం పట్టింది. మన ఉమ్మడి జిల్లాకు ‘నిజామాబాద్ వృక్షజాలం’ అనే గ్రంథం 1995లో వచ్చింది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన టి. పుల్లయ్య, బి. రవిప్రసాదరావు దాని రచయితలు. పుల్లయ్య గారే 1997లో ఆంధ్రప్రదేశ్ వృక్షజాలం సంపుటాలను, రాష్ట్రం ఏర్పడిన తరువాత 2015లో తెలంగాణ వృక్షజాలాన్ని వెలువరించారు. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న బాన్సువాడ 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లాలోనిదే కనుక 1995 నాటి పుస్తకం మనదే.

పుస్తకం ఏయే మొక్కలున్నాయో చెబుతుంది, ఎక్కడెక్కడ ఎంత మేర ఉన్నాయో చెప్పదు. ఆ పని పటానిది. 1936లో ఛాంపియన్ అనే అటవీ అధికారి మన దేశపు అడవులను రకాలుగా విభజించారు. 1968లో సేఠ్ గారితో కలిసి దానిని సవరించారు. ఆ లెక్కలో మన వైపు అడవి ‘దక్షిణ ఉష్ణమండల పొడి ఆకురాల్చు అడవి’. టేకు, నల్లమద్ది, తునికి, బిళ్లుడు, మోరి, ఇప్ప కలిసి ఉండేది ఈ రకమే. నరుకుడు, మేత, మంటలు ఎక్కువైన చోట ఇదే అడవి చండ్ర, రేగు, బలుసు, తంగేడు పొదలకు దిగజారుతుంది. 1960వ దశకంలో పాండిచ్చేరిలోని ఫ్రెంచి సంస్థ శాస్త్రజ్ఞులు గోసెన్, లెగ్రిస్, మెహర్-హోంజీ మొదలైనవారు వానలు, ఎండాకాలపు నెలలు, నేల, చెట్లు అన్నీ కలిపి రంగురంగుల పటాలు వేయడం మొదలుపెట్టారు. వాటిల్లో ఒక సెంటీమీటరుకు నేల మీద పది కిలోమీటర్లు. అంత చిన్న కొలతలో బాన్సువాడ పట్టణమంతా ఒక చుక్క, ఇక మన పొలం ఊసే లేదు.

చుక్క ఎంత? ఎకరం ఎంత?

1972లో అమెరికా వారు ల్యాండ్‌శాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. 1974లో హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. 2008 నుంచి దీన్ని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అంటున్నారు. 1988 మార్చిలో మన దేశం సొంతంగా ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహాన్ని సాధించుకుంది. అప్పటి నుంచి పటం గీసే వృక్షశాస్త్రజ్ఞుడికి ఒక కన్ను ఆకాశంలో దొరికింది.

ఈ కన్ను ఎంత సన్నంగా చూడగలదన్నది చిన్న రైతు తప్పక తెలుసుకోవాలి. ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న చదరాలతో అల్లిన చాప లాంటిది. ఒక చదరంలో ఏముందో అదంతా కలిపి ఒకే రంగుగా వస్తుంది. మొదటి ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చదరం వైపు 80 మీటర్లు, అంటే నేల మీద ఎకరంన్నర. రెండున్నర ఎకరాల లోపు ఉన్నవారిని సన్నకారు రైతులంటాం కదా, ఆ రోజుల్లో ఒక సన్నకారు రైతు మొత్తం ఆస్తి ఆకాశం నుంచి ఒకటిన్నర చుక్క! గట్టు, బావి, వేపచెట్టు, కందిసాలు, కొట్టం అన్నీ ఆ చుక్కలో కలిసిపోయేవి. తరువాతి మన ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరాకు చదరం వైపు సుమారు 23.5 మీటర్లు, అంటే అయిదున్నర గుంటలు. లిస్-4కు 5.8 మీటర్లు, గుంటలో మూడో వంతు. ఐరోపా వారి సెంటినెల్-2 చిత్రాల్లో చదరం వైపు 10 మీటర్లు, అంటే దాదాపు సరిగ్గా ఒక గుంట.

రంగుల సంగతి మరీ వింతగా ఉంటుంది. ఈ చిత్రాలను శాస్త్రజ్ఞులు చూసే పద్ధతిలో పచ్చని చెట్టు ఎర్రగా కనబడుతుంది. ఆకు ఎండలోని ఎర్రని వెలుగును తిండి తయారీకి మింగేస్తుంది, మన కంటికి ఆనని పరారుణ వెలుగును మాత్రం వెనక్కి కొడుతుంది. ఉపగ్రహం ఆ వెలుగును పట్టి, మనం చూడడానికి వీలుగా ఎరుపు రంగు వేస్తుంది. ఆకు ఎంత దట్టంగా, ఎంత ఆరోగ్యంగా ఉంటే ఎరుపు అంత చిక్కన. కాలువ కింది వరి చిక్కని ఎరుపులో ఉంటుంది, మార్చిలో ఆకు రాల్చిన టేకు అడవి బూడిద రంగులో ఉంటుంది. కంప్యూటరుకు వదిలేస్తే రెండోదాన్ని బీడు కింద జమ కట్టినా కట్టేస్తుంది. అందుకే మనలాంటి చోట ఆకు నిండుగా ఉండి మబ్బు లేని అక్టోబరు-డిసెంబరు చిత్రాన్ని, ఆకు రాలిన ఎండాకాలపు చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండు కాలాల్లోనూ బోసిగా ఉన్నదే నిజంగా బోసి నేల.

ఒక వృక్షశాస్త్రజ్ఞుని పని తీరు

ఈ వృత్తిలో పేరు తెచ్చుకున్న మనవాళ్లలో డాక్టర్ సి. సుధాకర్ రెడ్డి ఒకరు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో శాస్త్రవేత్తగా అడవులు, జీవవైవిధ్యం మీద పనిచేశారు. ఉపగ్రహ చిత్రాల మనిషి అంటే కంప్యూటరు ముందు కూర్చునే మనిషి అనుకుంటాం. ఈయన వెలువరించిన వాటిని చూస్తే అట్లా అనిపించదు. 2008లో కె.ఎన్. రెడ్డి గారితోను, వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయ ఆచార్యులు వి.ఎస్. రాజు గారితోను కలిసి ఆంధ్రప్రదేశ్ వృక్షజాలానికి అనుబంధ గ్రంథం తెచ్చారు. అంతకు ముందు పుస్తకాల్లోకి ఎక్కని మొక్కలను చేర్చే పని అది. అడవిలో తిరగకుండా, మొక్కను చేతిలోకి తీసుకుని పువ్వు విప్పి చూడకుండా సాధ్యమయ్యేది కాదు. అదే ఏడాది పరాయి దేశాల నుంచి వచ్చి మన నేలను ఆక్రమిస్తున్న మొక్కల జాబితా ప్రచురించారు. అందులో 173 జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికా ఖండపు వెచ్చని ప్రాంతాల నుంచి వచ్చినవి. మన గట్ల మీది వయ్యారిభామ, చెరువు కట్టల మీది సర్కారు తుమ్మ, అడవిలో పులికంప అనే లాంటానా అన్నీ అక్కడివే.

2015లో పి.ఎస్. రాయ్ నాయకత్వంలో దేశం మొత్తానికి కొత్త వృక్షసంపద పటం వెలువడింది. ఆ పెద్ద బృందంలో సుధాకర్ రెడ్డి కూడా ఉన్నారు. అంతవరకు దేశమంతా 1968 నాటి ఛాంపియన్-సేఠ్ విభజన మీదే ఆధారపడింది. కొత్త పటంలో ఒక సెంటీమీటరుకు నేల మీద అర కిలోమీటరు. ఈ లెక్కన మన ఎకరం పటం మీద ఆవగింజ పాటి. లిస్-3 చిత్రాలను కంప్యూటరు తెర మీద పెట్టుకుని, యంత్రానికి వదిలేయకుండా మనుషులే కంటితో చూసి హద్దులు గీశారు. ఆ తరువాత పటం ఎంత నిజమో తేల్చడానికి నేల మీద 15,565 చోట్ల సరిచూశారు. నూటికి తొంభై సరిపోయాయి.

నూటికి తొంభై అంటే దేశం మొత్తం మీద చాలా మంచి ఫలితం. కానీ తప్పిన ఆ పదిలో మన ఊరి గుట్ట ఉంటే? రైతు అడగవలసిన ప్రశ్న ఇదే. ఇది శాస్త్రజ్ఞుల లోపమని అనడానికి లేదు. తమ పటంలో ఎంత తప్పు ఉందో వారే లెక్కగట్టి చెప్పారు. ఆ సంగతి మరిచిపోయి, పటంలో ఉన్నదే వేదమని పట్టుకునే వారితోనే ఇబ్బంది.

2016లో సుధాకర్ రెడ్డి తన సహచరులతో కలిసి మరొక పెద్ద లెక్క తీశారు. 1930 నాటి స్థితికి పాత సర్వే పటాలను, ఆ తరువాతి కాలానికి ఉపగ్రహ చిత్రాలను తీసుకుని, ఎనభై ఏళ్లలో దేశంలో అడవి ఎంత పోయిందో చూశారు. 1930లో 8,69,012 చదరపు కిలోమీటర్లున్న అడవి 2013 నాటికి 6,25,565కు వచ్చింది. అంటే నూటికి 28 వంతులు పోయింది. ఇటీవలి దశాబ్దాల్లో ఈ నష్టం వేగం తగ్గిందని కూడా అందులో తేలింది. ఒకే నేలను మళ్లీ మళ్లీ ఒకే పద్ధతిలో చూడడం వల్లనే ఇలాంటి మాట ధైర్యంగా చెప్పగలిగారు.

తాడు, టేపు, పశువుల కాపరి

నేల మీద సరిచూడడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఎందుకంటే ఈ పని మీ పొలం దగ్గరకు కూడా రావచ్చు.

చిత్రంలో ఒక రంగు మచ్చను ఎంచుకుని ఆ చోటికి వెళతారు. అడవి అయితే తాడుతో ఇరవై మీటర్ల చదరం కడతారు, అంటే నాలుగు గుంటల మడి. అందులో ప్రతి చెట్టునూ పేరు రాసుకుని, రొమ్ము ఎత్తులో, నాలుగున్నర అడుగుల దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత తీసుకుంటారు. దాని లోపలే పొదలకు అయిదు మీటర్ల చదరం, గడ్డీగాదానికి ఒక మీటరు చదరం వేసి లెక్కిస్తారు. తెలియని మొక్క ఉంటే పువ్వుతో కాయతో కొమ్మ తుంచి, పాత పత్రికల మధ్య అదిమి, ఆరబెట్టి తీసుకుపోతారు. అలా ఎండిన మొక్కలు దాచే చోటును హెర్బేరియం అంటారు. వందేళ్ల క్రితం ఎండబెట్టిన కొమ్మ కూడా ఫలానా చోట ఫలానా నాడు ఈ మొక్క ఉండెనని సాక్ష్యం చెబుతుంది.

ఈ పనిలో స్థానికుల సాయం లేకుండా అడుగు పడదు. ఏ చెట్టుకు ఎప్పుడు చిగురు వస్తుంది, గొర్రె ఏ ఆకు ముట్టదు, తునికి ఆకు ఈ ఏడాది ఎందుకు పలుచబడింది, ఏ వాగు పక్కన నిరుడు మంట లేచింది అన్న సంగతులు పశువుల కాపరికి, తునికాకు కోసే ఆడవాళ్లకు తెలిసినంతగా ఒక రోజు వచ్చి వెళ్లే మనిషికి తెలియవు. మన దగ్గర ‘మద్ది’ అంటే ఒకరికి నల్లమద్ది, మరొకరికి ఏరుమద్ది. పేరు విని రాసుకుంటే తప్పు పడుతుంది, చెట్టు దగ్గరకు తీసుకుపోయి చూపించాలి. వచ్చినవారు అడిగితే ‘మాకేం తెలుసు సారూ’ అని తప్పుకోవద్దు.

అడవి అంటే ఏది, బంజరు అంటే ఏది?

మన దేశపు అడవుల విస్తీర్ణాన్ని లెక్కగట్టే భారత అటవీ సర్వే సంస్థ 1981లో ఏర్పడింది. 1987 నుంచి నివేదికలు ఇస్తోంది. దాని లెక్కలో రెండున్నర ఎకరాలు, అంటే ఒక హెక్టారుకు తగ్గని నేల మీద చెట్ల నీడ నూటికి పది వంతులకు మించి ఉంటే అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. దీని ప్రకారం తోటగా పెంచిన మామిడి, వరసలు పెట్టిన నీలగిరి కూడా అడవి లెక్కలోకి వస్తాయి. పదికి తక్కువైతే పొదల నేల. మరి అక్కడొకటి ఇక్కడొకటి చెట్టున్న గడ్డి బంచరాయి? అది అడవి కాదు, పంట కాదు. పటాల్లో చాలాసార్లు ‘పొదలున్న బంజరు’ అనే గడిలో పడుతుంది. దేశపు బంజరు భూముల అట్లాసు మొదట 2000లో వచ్చింది. అందులో ఇటువంటి గడులున్నాయి.

మన ఊళ్లలో బంచరాయి, గైరాన్, కంచె అని పిలుచుకునే నేలలు మేకకు, గొర్రెకు, ఎద్దుకు ఆధారం. ఎకరం భూమి ఉన్న రైతు పశువును తన పొలంలో మేపలేడు. అతనికి ఆ గడ్డి నేలే సగం బతుకు. పటంలో ‘బంజరు’ అన్న ఒక్క మాట పడితే, చెట్లు పెంచే పథకానికో, మరో అవసరానికో ముందుగా కేటాయించేది ఆ నేలనే. మొక్కలు నాటడం మంచిదే, ఎవరు కాదన్నారు? మేత నేలను తవ్వి ఆ పని చేయడం మంచిదా అన్నది వేరే ప్రశ్న. గడ్డి నేల కూడా ఒక వృక్షసంపదే అని 2015 పటం చేసినవారు దానికి వేరే తరగతి ఇచ్చారు. అడవి, పొద, గడ్డి నేల మూడూ వేరువేరుగా చూపించారు. గ్రామసభలో మాట్లాడేటప్పుడు ఈ ముక్క జ్ఞాపకం పెట్టుకోవాలి.

అడవి అంచున పోడు చేసుకునేవారికి ఇంకొక ముఖ్య విషయం. 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు చేసుకున్నప్పుడు ‘ఉపగ్రహ చిత్రంలో మీ సాగు కనబడలేదు’ అనే మాట వినబడవచ్చు. ఆ చట్టపు నియమాలకు 2012లో చేసిన సవరణ ప్రకారం ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చునే గాని వాటి స్థానంలో అదొక్కటే చాలదు. చిత్రం తీసిన నెల ఏది, చదరం ఎంత అని అడిగే హక్కు మీకుంది. అరెకరం పోడులో ఇప్ప, తునికి చెట్లు వదిలి సాగు చేసుకుంటే 23 మీటర్ల చదరంలో అది అడవిగానే కనబడవచ్చు.

పైన చెట్టు పోతే కింద నీరు పోతుంది

బాన్సువాడ రైతుకు ఈ పటాలతో సంబంధం నిజాంసాగర్ దగ్గర స్పష్టంగా కనబడుతుంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టులో మొదట 29 టీఎంసీలకు పైగా నీరు పట్టేది. 1970వ దశకం మొదట్లో కొలిస్తే 12 టీఎంసీల లోపే మిగిలింది. అంటే నలభై ఏళ్లలో సగానికి పైగా ఒండ్రు నింపేసింది. తరువాత నీటి మట్టం పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చుకున్నాం. ఆ ఒండ్రు ఎక్కడిది? మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, బీదర్, మెదక్ ప్రాంతాల మీదుగా వస్తుంది. ఆ దారి పొడవునా గుట్టల మీద గడ్డి, పొద పలుచబడి, వాలు నేలలు దుక్కికి వచ్చిన కొద్దీ వాన నీటితో మట్టి దిగి వచ్చింది. కాలువ చివరి ఆయకట్టు రైతు నీళ్ల కోసం గొడవ పడేది పక్క ఊరి వాళ్లతో. అతని నీటిలో కొంత ఎప్పుడో వందల మైళ్ల అవతల గుట్టల మీదనే పోయింది. పరీవాహక ప్రాంతపు వృక్షసంపద పటం ఉంటే ఏ గుట్ట మీద ముందు గడ్డి, చెట్టు పట్టించాలో తెలుస్తుంది. వాటర్‌షెడ్ పనులకు పటాలు ముందు పెట్టుకునేది ఇందుకే.

కనిపెట్టి చూడడం: వయ్యారిభామ కథ

పటం ఒకసారి గీసేది. కనిపెట్టి చూడడం ఏళ్ల తరబడి చేసేది. తమిళనాడు ముదుమలై అడవిలో భారతీయ విజ్ఞాన సంస్థ వారు 1988లో 125 ఎకరాల మడిని ఏర్పాటు చేసి, వేలెడు లావు మొక్క నుంచి ప్రతిదానికీ నంబరు వేసి ఇన్నేళ్లుగా లెక్క చూస్తున్నారు. ఏ కరువులో ఏ చెట్టు చచ్చింది, మంట తరువాత ఏది తేరుకుంది అని చెప్పగలిగేది అటువంటి మడి వల్లనే.

కనిపెట్టినా పట్టించుకోకపోతే ఏమవుతుందో వయ్యారిభామ చెబుతుంది. 1950వ దశకం మధ్యలో పుణె నగరంలో చెత్త పోసిన చోట కొత్త మొక్క ఒకటి కనబడితే, భారత వృక్ష సర్వేక్షణ సంస్థలో ఉన్న ఆర్. శేషగిరిరావు 1956లో దాన్ని ‘పార్థీనియం’ అని గుర్తించి ప్రచురించారు. తరువాత శ్రీకాకుళం జిల్లా వృక్షజాల గ్రంథ రచయితల్లో ఒకరైన వారు ఈయనే. అప్పుడు అది కొద్దిపాటి మొక్కలు. ఒక్కో మొక్కకు పదిహేను వేలకు పైగా గింజలు. ఇప్పుడు దేశంలో అది లేని గట్టు లేదు. కొందరికి చర్మం దురద, కొందరికి ఉబ్బసం. పశువు తింటే పాలు చేదు. ఊరూరా ‘కాంగ్రెసు గడ్డి’ అని పేరు కూడా స్థిరపడిపోయింది.

రైతు తన గట్టు మీద ఈ లెక్క తానే తీసుకోవచ్చు. మీటరు పొడవు కర్రలు నాలుగు తీసుకుని చదరంగా కట్టాలి. కళ్లు మూసుకుని విసిరినట్లు పొలంలో, గట్టు మీద పది చోట్ల వేసి, చదరంలో ఉన్న వయ్యారిభామ మొక్కలు లెక్కించాలి. బాగున్న చోటు ఎంచుకుంటే లెక్క తప్పుతుంది. పది చోట్ల కలిపి 50 మొక్కలుంటే చదరపు మీటరుకు అయిదు, ఎకరానికి ఇరవై వేలు. జూలైలో ఒకసారి, పీకిన తరువాత సెప్టెంబరులో ఒకసారి, మళ్లీ మరుసటి జూలైలో అదే చోట లెక్కించి పుస్తకంలో రాసుకోవాలి. పీకడం వల్ల ఫలితం ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. నిరుటి కంటే తగ్గిందని ఊహ మీద చెప్పడం వేరు, లెక్క చూపడం వేరు.

పీకేటప్పుడు పూత రాక ముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పూత రానివాటిని కంపోస్టు గుంటలో వేయవచ్చు, పూత వచ్చినవి వేయవద్దు. పంట లేని బాట పక్కన, ఇళ్ల మధ్య లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి మొక్క తడిసేలా చల్లితే మాడిపోతుంది. ఉప్పు నీరు పొలంలో మాత్రం చల్లరాదు, నేల చెడుతుంది. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరు ప్రాంతంలో మొదట వదిలిన ఒక పెంకు పురుగు వానకాలంలో ఈ మొక్క ఆకులను తిని పలుచన చేస్తుంది. అది కనబడితే మందు కొట్టి చంపుకోకండి.

పిల్లల చదువు, ఊరి రిజిస్టరు

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో వృక్షశాస్త్రం ఒక సబ్జెక్టుగా, తరువాత ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం లేదా పర్యావరణ శాస్త్రం చదవాలి. మనకు దగ్గరలో డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. ఉపగ్రహ చిత్రాల పనికి డెహ్రాడూన్‌లోని భారతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ శిక్షణ ఇస్తుంది. మన ఊళ్ల పిల్లలకు ఒక వాసి ఎక్కువే. చెట్టును చూసి పేరు చెప్పడం వాళ్లు చదువుకు ముందే నేర్చుకుంటారు. పట్నం పిల్లలు ఆ పాఠానికే రెండేళ్లు కష్టపడాలి. కంప్యూటరు ఆరు నెలల్లో వస్తుంది, మొక్కను గుర్తుపట్టే కన్ను ఆరు నెలల్లో రాదు. ఉద్యోగాలు మాత్రం తక్కువ, పోటీ ఎక్కువ, పీహెచ్‌డీ దాకా చదవాల్సి రావచ్చు. ఈ సంగతి దాచి ఆశ పెట్టడం తప్పు.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పంచాయతీ కార్యాలయానికి వెళ్లి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. అందులో మీ బంచరాయి పేరు, సర్వే నంబరు, అక్కడ పెరిగే గడ్డి రకాలు, ఎన్ని జీవాలు ఏ నెలల్లో మేస్తాయి అన్నది ఉందో లేదో చూడండి. లేకపోతే పెద్ద మనుషులను, గొల్లకుర్మ సోదరులను, తునికాకు కోసే అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టి రాయించండి. ఇస్రో వారి భువన్ పటం ఫోనులో కూడా తెరుచుకుంటుంది. చదువుకున్న పిల్లల చేత మీ గుట్టను అందులో వెతికించి, దాన్ని ఏ రంగులో చూపారో చూసి, రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారి వచ్చిన రోజున ఆ తేడా వారికి చెప్పండి.